బండ మీద మూడు గెంతులు

మామ పోయిన కబురు నాకు షేర్ ఆటోలో అందింది. హోసూరు బస్టాండుకు వెళ్తున్నాను, అక్కడ రోజూలాగే బెంగళూరు బస్సు పట్టుకోవాలి. అత్త ఫోన్ చేసింది. ఏడవడం లేదు.

"మీ మామ ఈ పొద్దు బండ కాడికి పోలేదు పాపా," అంది.

"ఏం, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"బండ కాడికి పోలేదంటే నీకు తెలీలేదా? నిద్రలోనే పోయినాడు. లేపితే లేయలేదు."

ఆటో బస్టాండు ముందు ఆగింది. నేను దిగలేదు. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏమమ్మా, ఈడే కదా దిగాలంటివి?" అన్నాడు. దిగాను. బెంగళూరు బస్సు ఎక్కి కూర్చున్నాను కూడా. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగితే గానీ నేను మామ ఊరి వైపు పోయే కెలమంగలం బస్సులో ఉండాలన్న సంగతి తట్టలేదు. కదులుతున్న బస్సు ఆపించి దిగి, రోడ్డుకు అడ్డంగా పరిగెత్తాను. మామ చూసి ఉంటే నవ్వేవాడు. "దానికి కాలు ఒక చోట నిలవదు" అని నా చిన్నప్పటి నుంచీ ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు.

ఇది రాస్తున్నప్పుడు కూడా నిలవడం లేదు. రెండు వాక్యాలు రాయడం, లేచి కిటికీ దాకా వెళ్లడం, మళ్లీ వచ్చి ఆ రెండు వాక్యాలూ కొట్టేయడం, ఇదే వరస. మామ గురించి నాలుగు మంచి మాటలు రాసి ముగించగలిగితే హాయిగా ఉండేది. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి చెప్పకుండా ఉండిపోయింది. చెప్పేందుకు ఆయన లేడు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

మామ అంటే మా అమ్మకు అన్న. కెలమంగలం దాటి డెంకణికోట దారిలో ఒక చిన్న ఊరు. అక్కడ మల్బరీ తోట, దాని పక్కన పట్టుపురుగుల షెడ్డు, తోట చివర ఒక పెద్ద బోడి బండ. వయసులో ఉన్నప్పుడు ఆయన కృష్ణగిరి వైపు గ్రానైట్ క్వారీల్లో పని చేశాడు. మోకాలి మీద రాయి పడ్డాక ఆ పని మానుకొని పురుగుల పెంపకంలోకి దిగాడు. ఆ కుడి మోకాలు మళ్లీ ఎప్పుడూ ఆయన మాట వినలేదు. కూర్చుంటే లేవనిచ్చేది కాదు, లేస్తే కూర్చోనిచ్చేది కాదు.

నేను బెంగళూరులో ఒక పరిశోధన సంస్థలో చదువుతున్నాను. భూకంప తరంగాలతో భూమి లోపలి సంగతులు తెలుసుకోవడం నా పని. మా చుట్టాల్లో సగం మంది నేను భూకంపం ఎప్పుడొస్తుందో ముందే చెప్పేస్తానని అనుకుంటారు. మామకు మాత్రం ఈ చదువు అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలింది.

"మేము క్వారీలో బండను సుత్తితో తట్టి చూస్తాము," అన్నాడు. "మంచి రాయి అయితే ఖంగుమంటాది. లోపల చీలిక ఉంటే ఆ శబ్దమే వేరే. మీదీ అదే పనా?"

"అదే మామా."

"మరి ఇంత పెద్ద భూమిని తట్టేది ఎవురు?"

"భూకంపం."

తలగుడ్డ తీసి దులుపుకున్నాడు. "అయితే తట్టేది మన చేతిలో లేదు. వినేదే మన పని," అన్నాడు. మా గైడ్ రెండు నెలల పాటు క్లాసులో చెప్పినది ఇంతే. ఆ మాట నేను నా మొదటి ప్రసంగంలో వాడుకున్నాను, ఎవరిదో చెప్పకుండా.

కొంచెం నా పని గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మన కాళ్ల కింద రాతి పొర, దాని కింద మాంటిల్ అనే మందమైన పొర. అది దాదాపు రెండు వేల తొమ్మిది వందల కిలోమీటర్ల లోతు దాకా ఉంటుంది. అంత దూరమూ ఒకే తీరుగా ఉండదు. ఆఫ్రికా కింద, పసిఫిక్ కింద, మాంటిల్ అడుగున ఖండాలంత పెద్ద ప్రాంతాలు రెండు ఉన్నాయి. భూకంప తరంగాలు వాటిలోకి వెళ్లాక మెల్లగా నడుస్తాయి. వేడి ఎక్కువై అలా నడుస్తాయా, అక్కడి రాయే వేరా, రెండూనా అన్నది ఇంకా తేలలేదు. దక్షిణ అట్లాంటిక్ చివర, అంటార్కిటికాకు దగ్గర్లో కొన్ని దీవులున్నాయి. అక్కడ పెద్ద భూకంపం వస్తే, దాని తరంగం ఒకటి మాంటిల్ అడుగు వెంట ప్రయాణించి, ఆఫ్రికా కింది ఆ ప్రాంతం అంచును రాసుకుంటూ, పాతిక నిమిషాలకు పైగా పట్టి మన వైపుకు చేరుతుంది. రావలసిన వేళకు ఎన్ని సెకండ్లు ఆలస్యంగా వచ్చిందో చూస్తే, దారిలో అది ఎటువంటి చోటు దాటిందో తెలుస్తుంది. నా థీసిస్ మొత్తం ఆ ఆలస్యం మీదే.

మా వాళ్లు ఒక యంత్రం పెట్టడానికి అలికిడి లేని బండ కావాలంటే, నాకు మామ తోట గుర్తొచ్చింది. బండను చదరంగా తొలిచి గుంట చేసి, అందులో యంత్రం దింపి, మూత వేశారు. సమయం గుర్తుపెట్టే పెట్టె షెడ్డులో. ఏ కదలిక ఏ సెకండుకు వచ్చిందన్నదే మాకు ప్రాణం కాబట్టి, ఆ పెట్టె గడియారాన్ని ఉపగ్రహాలు సరిదిద్దుతూ ఉంటాయి. వాటి సంకేతాలు అందుకోవడానికి తెల్లటి గుండ్రటి యాంటెనా ఒకటి షెడ్డు కప్పు మీద గొట్టానికి బిగించారు. మామ దానికి కుక్కగొడుగు అని పేరు పెట్టాడు. వర్షాకాలంలో గట్ల మీద మొలిచే కుక్కగొడుగులాగే ఉండేది అది.

బిగించడం అయ్యాక మా ఇంజనీరు బండ మీద నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ "ఐదు, నాలుగు, మూడు" అని పైకి లెక్కపెట్టి, సరిగ్గా గంట కొట్టే వేళకు ఎగిరాడు. ఆ వెంటనే ఇంకో రెండు సార్లు. యంత్రం వింటోందో లేదో, సమయం సరిగ్గా గుర్తుపెడుతోందో లేదో చూడటానికి చేసే పరీక్ష అది. మామ చేతులు కట్టుకొని, పెళ్లిలో పంతుల్ని చూసినంత శ్రద్ధగా చూశాడు. వెళ్లేటప్పుడు ఇంజనీరు, "గుంట దగ్గరికి మేకలు రాకుండా చూడండి, మూత మీద ఆకులు పడితే తీసేయండి, ఇంకేమీ ముట్టుకోవద్దు," అని చెప్పాడు. మామ సరేనన్నాడు.

నెల తర్వాత, పెట్టె నుంచి మా ఆఫీసుకు చేరే రికార్డు చూస్తుంటే, రోజూ పొద్దున ఆరు గంటలకు మూడు పొడవాటి గీతలు. ఒక్క రోజు తప్పకుండా. ఫోన్ చేశాను.

"మామా, పొద్దున ఆరింటికి గుంట దగ్గర ఏం జరుగుతోంది?"

"ఏమీ లేదే. నేనే ఎగిరేది."

"ఎగిరేదా?"

"మీ సారు ఎగిరినాడు కదా, మూడు సార్లు. మిషను వినాలంట కదా. రోజూ వినిపిస్తా ఉండాను."

ఆఫీసులో పడీ పడీ నవ్వాను. అరవై దాటిన మనిషి, ఆ మోకాలితో, తలగుడ్డ చుట్టుకొని బండ మీద మూడు గెంతులు. నవ్వు ఆపుకొని, "అది ఒక్కసారికే మామా. ఇంక ఎగరొద్దు, గీతలు పాడవుతాయి," అన్నాను. "సరే అమ్మణ్ణీ," అన్నాడు, కొంచెం చిన్నబుచ్చుకున్నట్టే.

పెద్ద గీతలు ఆగిపోయాయి. వాటి చోట చాలా చిన్నవి, పట్టి చూస్తే గానీ కనపడనివి, మూడు ఉండేవి. పక్క తోటలో పంపుసెట్టు వేస్తారేమో అనుకున్నాను. ఆ చప్పుడును ఏరి పారేయడానికి చిన్న ప్రోగ్రామ్ కూడా రాశాను. గైడ్ మెచ్చుకున్నారు.

పట్టుపురుగులు పెంచే ఇంట్లో ఎప్పుడైనా ఉన్నారా? అవి నాలుగు సార్లు పొర విడుస్తాయి. పొర విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతాయి. దాన్ని జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగుల దగ్గర మామ గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు, తలుపు ధడేలుమంటే ఒప్పుకునేవాడు కాదు. నేను సెలవులకు వచ్చి పురుగులున్న తట్టల మధ్య గిరగిరా తిరుగుతుంటే, నా చెయ్యి పట్టి కింద కూర్చోబెట్టేవాడు. "సుమ్మ కూర్చో, మెదలకుండా. అవి లేచి ఆకు తినేదాకా కూర్చో." లేచాక ఒక్కసారిగా ఆకు కొరికే శబ్దం మొదలయ్యేది, రేకు మీద చినుకులు పడ్డట్టు. అది వినడానికి నేను కూర్చున్నది మొత్తం మీద రెండు సార్లేమో. మామ ప్రతి పంటకూ వినేవాడు.

యంత్రాన్ని కూడా ఆయన అలాగే చూశాడు. గుంటకు పది అడుగుల దూరంలోనే చెప్పులు విడిచేవాడు. అత్త గుంట పక్కన చింతపండు ఎండబెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. "నిద్రపోయేదాన్ని కదిలిస్తే మంచి గూడు కట్టదు" అని పురుగుల గురించి అనేవాడు, అదే మాట యంత్రం గురించి కూడా అనేవాడు. నేను ఎప్పుడు ఫోన్ చేసి, "మామా, ఈరోజు పెద్ద భూకంపం వచ్చింది, మన బండ బాగా విన్నది," అని చెప్పినా ఆయన మొదట అడిగేది ఒకటే.

"ఎవురైనా సచ్చిపోయినారా?"

చచ్చిపోయి ఉంటే ఆ రోజు నా గీతల గురించి వినేవాడు కాదు. "మంది సచ్చేదాని కోసం కాచుకొని ఉండేది ఏం చదువు?" అని ఒకసారి అన్నాడు కూడా. నాకు కోపం వచ్చింది. నేను కోరుకుంటే వస్తాయా, కోరుకోకపోతే ఆగుతాయా అని వాదించాను. వాదించానే గానీ, పెద్ద భూకంపం రాని నెలల్లో నాకు చిరాకుగా ఉండేదన్నది నిజం. ఆయనకు అది తెలుసు.

పోయిన మే నెలలో, నేను మూడేళ్లుగా ఎదురుచూస్తున్నది వచ్చింది. ఆ దక్షిణ దీవుల దగ్గరే, కావలసినంత పెద్దది. మన బండ దగ్గర ఆ తరంగం పదకొండు సెకండ్లు ఆలస్యంగా చేరింది. నేను అనుకున్న దానికంటే చాలా ఎక్కువ. కుర్చీలో కూర్చోలేక వరండాలో అటూ ఇటూ తిరిగాను. మామకు ఫోన్ చేసి చెబితే, అలవాటు ప్రకారం అడిగాడు. "అక్కడ మనుషులే లేరు మామా, పెంగ్విన్లు ఉంటాయి, అంతే," అన్నాను. ఆయన సంతోషంగా, "అట్లయితే చెప్పు," అన్నాడు. సముద్రాల కింద, ఆఫ్రికా కింద, అంత లోతులోంచి నడిచి వచ్చి తన బండకు చేరిందంటే నమ్మలేకపోయాడు. "ఈడికా? మన తోటకా?" అని మూడు సార్లు అడిగాడు. ఆ వారం కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంతకు వెళ్లి, కూరగాయలు అమ్మేవాళ్లకు కూడా చెప్పి వచ్చాడట.

రెండు నెలలు నేను ఆ పదకొండు సెకండ్ల మీదే బతికాను. ఒక సదస్సులో చెప్పాను, థీసిస్‌లో ఒక అధ్యాయం రాశాను. జూలైలో గైడ్ ఆ గీతను మళ్లీ చూసి, "గడియారం సరిగ్గానే ఉందా?" అన్నారు. ఉందన్నాను. చూసి చెప్పమన్నారు. ఆ ఆదివారం కెలమంగలం బస్సు ఎక్కాను.

షెడ్డు కప్పు మీద గొట్టం ఖాళీగా ఉంది. లోపల దూలానికి యాంటెనా వేలాడుతోంది, దాని మీద తడి గోనె గుడ్డ కప్పి ఉంది.

"ఇది ఇక్కడెందుకుంది మామా?"

"ఎండ తట్టుకోలేదు అమ్మణ్ణీ. రేకు మీద చెయ్యి పెడితే కాలిపోతా ఉండింది. పురుగులకు తడి గోనె కప్పినాము. అదొక్కటే ఆడ మాడతా ఉండాది అని దింపి నీడలో పెట్టినాను."

"ఎప్పటి నుంచి?"

"శివరాత్రి అయినాక, ఎండలు మొదలైనప్పటి నుంచి."

రేకు కింద, తడి గోనె కింద, ఆ యాంటెనాకు ఒక్క ఉపగ్రహమూ కనపడి ఉండదు. మార్చి నుంచి జూలై దాకా పెట్టె గడియారం ఎవరి దిద్దుబాటూ లేకుండా తన ఇష్టం వచ్చినట్టు నడిచింది. నా పదకొండు సెకండ్లలో భూమివి ఎన్నో, గడియారానివి ఎన్నో ఇక తెలియదు.

అప్పుడు నేను అన్న మాటలు రాయాలంటే చెయ్యి రావడం లేదు, కానీ రాస్తాను. "నీ పురుగులూ నా యంత్రమూ ఒకటేనా? ముట్టుకోవద్దంటే ఎందుకు ముట్టుకున్నావు? తెలియని దాంట్లో చెయ్యి పెట్టకుండా ఉండలేవా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన యాంటెనాను తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాడు. "బండ కాడిది ముట్టలేదు అమ్మణ్ణీ. ఇది మన షెడ్డు మీదిది కదా అనుకున్నాను," అన్నాడు. తర్వాత, "ఎంత పాడయింది?" అన్నాడు.

"అంతా," అన్నాను.

ఆ కోపంలోనే పెట్టె వైరు పీకేసి, యాంటెనాను పైన బిగించి, పెట్టెను మళ్లీ మొదటి నుంచి ఆన్ చేశాను. అత్త మజ్జిగ తెచ్చేసరికి నేను రోడ్డు మీద ఉన్నాను.

తర్వాత గైడ్ అడిగారు, పెట్టెను ఆర్పావా అని. ఆర్పకుండా యాంటెనాను బయట పెట్టి ఉంటే, గడియారం ఎంత తప్పిందో ఆ పెట్టే చెప్పేది. ఆర్పేసరికి ఆ లెక్క పోయింది. అంతేనా, ఉపగ్రహాలు దొరకడం లేదని పెట్టె రోజూ ఒక ఫైలులో రాస్తూనే ఉంది. నాలుగు నెలలూ నేను ఆ ఫైలు ఒక్కసారీ తెరవలేదు. మామ చేసింది ఒక తప్పు, నావి రెండు. ఆయనకు ఒకటే తెలుసు, ఆయనది. నావి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ అధ్యాయం పక్కన పెట్టమన్నారు. మళ్లీ అటువంటి భూకంపం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆదివారం ఆదివారం మామ ఫోన్ చేసేవాడు. "పాడయింది సరిపోయిందా?" అని అడిగేవాడు. "చూస్తున్నాం," అనేదాన్ని. పురుగులు ఎలా ఉన్నాయని నేను అడగడం మానేశాను. అడిగితే యాంటెనా గుర్తొస్తుందని నాకు భయం, బహుశా ఆయనకు కూడా.

నవంబరులో ఒక సాయంత్రం, ఆదివారం కాకపోయినా ఫోన్ వచ్చింది. నేను బెంగళూరు నుంచి వచ్చే బస్సులో నిలబడి ఉన్నాను, ఒక చేత్తో కమ్మీ పట్టుకొని.

"ఒక మాట చెప్పాల అమ్మణ్ణీ. చెబితే కోప్పడతావు."

"బస్సులో ఉన్నాను మామా. రేపు మాట్లాడదామా?"

"సరే సరే, నువ్వు పోయి చేరు," అన్నాడు.

మర్నాడు నేను ఫోన్ చేయలేదు. ఆ మర్నాడు పొద్దునే అత్త చేసింది.

పదకొండో రోజు కర్మకు మళ్లీ వెళ్లాను. కృష్ణగిరి నుంచి, కోలారు నుంచి చుట్టాలు వచ్చారు. ఇంటి నిండా జనం, తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన మాటలు. భోజనాలకు ముందు అత్త నన్ను షెడ్డులోకి పిలిచింది. చేతిలో మామ పాత రేడియో ఉంది.

"దీన్ని నువ్వు తీసుకొని పో పాపా. పొద్దున దీని టిక్కులు నేను వినలేను."

"ఏం టిక్కులు అత్తా?"

అత్త నన్ను వింతగా చూసింది. "నీకు చెప్పనే లేదా? ఆరింటికి వార్తలకు ముందు టిక్ టిక్ అని వస్తాయి కదా. కడాపటి టిక్కుకు ఎగిరేది. మీ సారు గడియారం చూసుకొని ఎగిరినాడంట, అందుకని ఈయప్ప రేడియో చెవి కాడ పెట్టుకొని ఎగిరేవాడు. నువ్వు వద్దన్నావని మిషను కాడికి పోకుండా, బండకు ఈవల తోట గట్టు మీదికి పోయి, మెల్లగా ఎగిరేవాడు."

"మానేశాడనుకున్నాను."

"యాడ మానినాడు? నేను నగితే, 'రోజూ వినిపించి ఒక దినం మానేస్తే దానికి దిగులు కాదా' అనేవాడు. సంతకు పోయే దినం కూడా ఎగిరే పోయేవాడు." రేడియో నా చేతిలో పెట్టింది. "నీకు ఆ సాయంత్రం ఫోన్ చేసినాడు కదా, ఇది చెప్పాలనే. 'కుక్కగొడుగు సంగతి తెలిసిపోయింది, ఈ ఎగిరేది కూడా చెప్పేస్తాను, దీని వల్ల కూడా ఏమైనా పాడయిందేమో' అన్నాడు."

నేను నిలబడే ఉన్నాను. అత్త ఇంకేదో చెబుతోంది. నా తలలో ఒకటే తిరుగుతోంది. నేను పంపుసెట్టు అనుకొని ఏరి పారేసిన ఆ మూడు చిన్న గీతలు. రోజూ, సరిగ్గా ఆరు గంటలకు, రేడియో టిక్కుకు. పెట్టె గడియారం నాలుగు నెలలు దారి తప్పి తిరుగుతుంటే, ఆ నాలుగు నెలలూ దాని పక్కన నిలబడి ఒక మనిషి రోజూ సరైన సమయం చెబుతూనే ఉన్నాడు. విస్తరి ముందు కూర్చున్నాను గానీ తినలేకపోయాను. లేచి, అత్తతో కూడా సరిగ్గా చెప్పకుండా, బెంగళూరు వెళ్లిపోయాను. అది కూడా తప్పే. ఆ రోజు ఆమె పక్కన ఉండవలసింది.

పాత రికార్డులు చెరిగిపోలేదు. నా ప్రోగ్రామ్ పక్కన పెట్టి, అసలు గీతలు తీశాను. యాంటెనా ఎండలోనే ఉన్న నెలల్లో, మామ మొదటి గెంతు ఎప్పుడూ ఆరు గంటలు దాటిన అర సెకండు లోపల పడుతుంది. ప్రతి రోజూ దాదాపు అంతే ఆలస్యం. టిక్కు విని, ఆ మోకాలు వంచి, లేచి, కిందికి దిగడానికి ఆయనకు పట్టే సమయం అది. దాన్ని కూడా లెక్కలోంచి తీసేయాలి కదా. మామ మోకాలి నొప్పిని సెకండులో ఇంత భాగమని కాగితం మీద రాస్తుంటే కళ్లు మసకబారాయి, ఏడ్చాను, లేచి తిరిగాను, మళ్లీ కూర్చున్నాను.

శివరాత్రి తర్వాత నుంచి ఆ గెంతుల గీతలు ఆరు గంటల నుంచి కొంచెం కొంచెంగా అవతలికి జరగడం మొదలుపెట్టాయి. ఎగిరే మనిషి అదే వేళకు ఎగురుతున్నాడు, పెట్టె గడియారమే ముందుకు పరిగెత్తుతోంది. భూకంపం వచ్చిన రోజు పొద్దున ఆ తేడా నాలుగు సెకండ్లు. పదకొండులో నాలుగు గడియారానివి. మిగిలిన ఏడూ భూమివి.

గైడ్ ఆ కాగితాలు చాలాసేపు చూశారు. ఒక్క చోట రికార్డుతో గొప్పలకు పోకూడదనీ, మిగతా కేంద్రాల వాటితో కలిపి చూడాలనీ అన్నారు. అది నాకూ తెలుసు. తర్వాత, "ఈ గెంతినాయన ఎవరు?" అన్నారు. చెప్పాను. అధ్యాయం వెనక్కి వచ్చింది. థీసిస్ మొదటి పేజీలో ఆయన పేరు రాశాను. ఇక్కడ రాయలేదు, ఎందుకంటే నేను ఆయన్ని ఏనాడూ పేరుతో తలుచుకోలేదు.

ఈ సంగతి చెప్పడానికి మళ్లీ ఊరికి వెళ్లాను. అత్తకు లెక్కలు పట్టలేదు, ఒక్క ముక్క మాత్రం పట్టుకుంది. "అయితే పాడు కాలేదా?" అంది.

"కాలేదు అత్తా. మామ వల్లనే దొరికింది."

"ఆయనకు తెలీదు కదా," అంది. అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున ఆమె రేడియో నా దగ్గర్నుంచి తీసుకొని, రోకలి చేతబట్టుకొని గట్టు మీదికి వెళ్లింది. "నాకు ఎగరను చేతకాదు, దీంతో కొడతాను. ఇంక మిషను కాడ ఎవురూ లేరు అనుకోకూడదు," అంది. నేను వద్దనలేదు.

నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పగలు పని చేస్తూ చేస్తూ చేతులు వాటంతటవే వెళ్లి ఆ రోజు రికార్డు తెరుస్తాయి. నేను బస్సులో ఉన్నానని ఫోన్ పెట్టేసిన సాయంత్రానికి మర్నాటిది, మామ ఆఖరి పొద్దుది. ఆ రోజు లేచినప్పటి నుంచే ఆయాసంగా ఉందన్నాడట, వెళ్లొద్దని అత్త చెప్పినా గట్టు మీదికి వెళ్లి వచ్చాడట. ఆరు గంటల దగ్గర మొదటి గీత ఉంది, ఎప్పుడూ పడే చోటే, ఆ అర సెకండు లోపలే. కొంచెం ఎడం తర్వాత, బాగా చిన్నగా, రెండోది. ఆ తర్వాత గీత చదునుగా సాగిపోతుంది. మూడోది ఇంకా ముందెక్కడైనా ఉందేమోనని నేను తెరను పక్కకు జరుపుతాను, ఇంకొంచెం జరుపుతాను, ఎక్కడో దూరపు క్వారీలో మధ్యాహ్నం రాతికి పెట్టిన మందు పేలిన గీత దాకా జరుపుతూ పోతాను.